ఒక్క స్పేస్ ఖరీదు

నేను సీఎస్‌ఈ రెండో సంవత్సరం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కాబట్టి నా తెలుగులో తప్పులుంటే సర్దుకుపోండి.

ఈ వ్యాసానికి కారణం ఒక ఫోన్ కాల్. లినక్స్ ల్యాబ్ ఇంటర్నల్‌కి ముందు రోజు రాత్రి అమ్మ ఫోన్ చేసి "గొంతేంటి అలా ఉంది?" అంది. "సిస్టమ్ పాడు చేశానమ్మా" అన్నాను. "ఏం పాడు చేశావ్?" అంది. నాకు మాట రాలేదు. పాడైంది పర్మిషన్లు. పర్మిషన్ అంటే ఏంటో అమ్మకి తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి, అసలు అది నాకే తెలియదని తేలింది. కమాండ్లు మాత్రం ముప్పై దాకా బట్టీ వచ్చు.

ఆ రాత్రి సంగతి, దాని నుంచి నేర్చుకున్న పాఠం రెండూ ఇక్కడ రాస్తున్నాను. కమాండ్ల పేర్లు పలికినట్టు తెలుగులోనే రాశాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

ముందు ల్యాబ్ పెట్టుకుందాం

దీనికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్ ఫ్రీగా దొరుకుతుంది. అందులో ఒక కొత్త మెషిన్ తయారు చేసి 2 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ ఇచ్చి ఉబుంటు సర్వర్ వేసుకోవాలి. డిస్క్‌కి "డైనమిక్" అని పెడితే ఆ 25 జీబీ వెంటనే పోదు, వాడిన కొద్దీ పెరుగుతుంది. మెషిన్ స్టార్ట్ అవ్వకపోతే బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. మా క్లాసులో సగం మంది ఇక్కడే ఆగిపోయారు.

ఇన్‌స్టాల్ అవ్వగానే స్నాప్‌షాట్ తీయాలి. అంటే మెషిన్ ఇప్పుడు ఎలా ఉందో అలా దాచిపెట్టడం. తర్వాత ఏం చెడిపోయినా మళ్లీ ఆ క్షణానికి వెళ్లిపోవచ్చు. నేనూ తీశాను, కానీ ఒక్కసారే, మొదటి రోజున. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎవరు, దేన్ని, ఏం చేయొచ్చు

లినక్స్‌లో ప్రతి ఫైల్‌కీ ఒక ఓనర్, ఒక గ్రూప్ ఉంటారు. ఇద్దరిలో ఎవరూ కాని వాళ్లు "అదర్స్". అమ్మకి హాస్టల్ రూమ్‌తో చెప్పాను. నా షెల్ఫ్‌కి ఓనర్ నేను, గ్రూప్ నా రూమ్‌మేట్స్, అదర్స్ అంటే ఫ్లోర్‌లో మిగతా వాళ్లందరూ.

ఈ ముగ్గురికీ మూడేసి అనుమతులు. ఆర్ అంటే చదవడం, డబ్ల్యూ అంటే రాయడం, ఎక్స్ అంటే ప్రోగ్రామ్‌గా నడపడం. ఆర్‌కి 4, డబ్ల్యూకి 2, ఎక్స్‌కి 1 మార్కు. కలిపితే ఒక అంకె వస్తుంది. 644 అంటే ఓనర్ చదవొచ్చు, రాయొచ్చు (4+2). గ్రూప్, అదర్స్ చదవడం మాత్రమే. 600 అంటే ఓనర్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. 777 అంటే అందరూ అన్నీ చేయొచ్చు.

డైరెక్టరీకి వచ్చేసరికి అర్థం మారుతుంది. ఆర్ అంటే లోపల ఏమేం ఉన్నాయో పేర్లు చూడటం. డబ్ల్యూ అంటే లోపల కొత్తవి పెట్టడం, ఉన్నవి తీసేయడం. ఎక్స్ అంటే గుమ్మం దాటి లోపలికి వెళ్లడం. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. ఒక ఫైల్‌లో రాసే అనుమతి నాకు లేకపోయినా, అది ఉన్న డైరెక్టరీలో డబ్ల్యూ, ఎక్స్ ఉంటే ఆ ఫైల్‌ని డిలీట్ చేసేయగలను. సీల్ వేసిన కవర్‌లోని ఉత్తరాన్ని మార్చలేను, కానీ షెల్ఫ్ నాదైతే కవర్‌నే తీసి పారేయగలను కదా, అలా.

మరి అందరూ వాడే టీఎంపీ డైరెక్టరీలో ఒకరి ఫైళ్లు ఇంకొకరు తీసేయరా? దానికే స్టికీ బిట్ ఉంది. హాస్టల్ టెర్రస్ మీద దండెం లాంటిది. ఎవరైనా బట్టలు ఆరేయొచ్చు, కానీ ఎవరి బట్టలు వాళ్లే తీసుకోవాలి.

ఇంకొకటి సెట్‌యూఐడీ. మన పాస్‌వర్డ్‌లు ఈటీసీ కింద షాడో అనే ఫైల్‌లో హాష్‌లుగా ఉంటాయి. అందులో మనం రాయలేం. అయినా మన పాస్‌వర్డ్ మనమే మార్చుకుంటున్నాం. ఎలా? పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్ మీద సెట్‌యూఐడీ బిట్ ఉంది కాబట్టి, ఎవరు నడిపినా అది తన ఓనర్ అయిన రూట్ అధికారంతో నడుస్తుంది. వార్డెన్ మేడమ్ రిజిస్టర్ మన చేతికి ఇవ్వరు, మనం చెప్తే ఆవిడే రాస్తారు. ఈ ఆలోచన యూనిక్స్ తయారు చేసినవాళ్లలో ఒకరైన డెన్నిస్ రిచీది. దాని మీద ఆయనకి 1979లో పేటెంట్ కూడా వచ్చింది. సుడో కూడా ఈ బిట్ మీదే బతుకుతుంది. నా కథకి ఇదే కీలకం.

ఆ రాత్రి

నేను, నా ల్యాబ్ పార్ట్‌నర్ ఒకే వర్చువల్ మెషిన్‌లో పని చేశాం. రెండు వారాల పని, పదకొండు స్క్రిప్టులు, సగం తనవి. చివరి ప్రశ్న అపాచీతో ఒక వెబ్ పేజీ చూపించడం. పేజీని నా హోమ్ డైరెక్టరీలో ఒక ఫోల్డర్‌లో పెట్టి, అపాచీకి ఆ దారి చెప్పాను. బ్రౌజర్‌లో "403 ఫర్బిడెన్" అని వచ్చింది.

అప్పుడు నేను చేయాల్సింది ఆగి చదవడం. చేసింది మాత్రం సీనియర్ల నోట్సులో ఉన్న మంత్రం వేయడం. "777 పెట్టు, పనైపోతుంది." సుడో, సీహెచ్‌మాడ్, హైఫన్ పెద్ద ఆర్, 777, ఆ తర్వాత నా ఫోల్డర్ దారి. ఆ దారిలో మొదటి స్లాష్‌కీ "హోమ్" అనే మాటకీ మధ్య చేయి జారి ఒక స్పేస్ పడింది.

స్పేస్ పడితే అవి రెండు వేరు వేరు చిరునామాలు. మొదటిది ఒట్టి స్లాష్, అంటే సిస్టమ్ మొత్తం. ఆర్‌ఎమ్ కమాండ్ అయితే స్లాష్ మీద నడపబోతే "ఇది ప్రమాదం" అని ఆగిపోతుంది. సీహెచ్‌మాడ్‌కి ఆ కాపలా మామూలుగా ఉండదు. అడగలేదు, ఆగలేదు. కొన్ని సెకన్లలో ప్రతి ఫైల్ తలుపూ తెరిచేసింది.

తర్వాత సుడో కొడితే, సుడో ఫైల్‌కి ఓనర్ రూట్ అయి ఉండాలి, సెట్‌యూఐడీ బిట్ ఉండాలి అని ఎర్రర్ వచ్చింది. 777 అని మూడు అంకెలే ఇచ్చాను కాబట్టి ఆ బిట్ తుడిచిపెట్టుకుపోయింది. విచిత్రం చూడండి. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేశాక నాకున్న అధికారమే పోయింది. రీస్టార్ట్ చేస్తే ఎస్‌ఎస్‌హెచ్ కూడా లేవలేదు. దాని ప్రైవేట్ కీ ఫైళ్లు అందరికీ తెరిచి ఉంటే అది వాటిని నమ్మదు.

"ఏమైందే, మొహం అలా పెట్టావ్?" అంది పార్ట్‌నర్. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "స్నాప్‌షాట్?" అంది.

"ఫస్ట్ డేది ఉంది."

"మరి నా స్క్రిప్టులు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అమ్మ ఫోన్ వచ్చింది అప్పుడే.

బాగు చేయడం

పై ఫ్లోర్‌లో ఉన్న ఫైనల్ ఇయర్ అక్క దగ్గరికి వెళ్లాను. "అక్కా, అంతా పోయింది" అంటే, "పోలేదు. ఫైళ్లలో ఉన్నది అలాగే ఉంది, తాళాలే పోయాయి. ఒక్కో ఎర్రర్ చదువుకుంటూ వెళ్లు" అంది. కీబోర్డ్ మాత్రం ముట్టుకోలేదు.

మెషిన్ బూట్ అవుతుండగా షిఫ్ట్ పట్టుకుంటే గ్రబ్ మెనూ వచ్చింది. అందులో రికవరీ మోడ్, దాంట్లో రూట్ షెల్. అక్కడ సుడో అవసరం లేదు, మనమే రూట్. డిస్క్ చదవడానికి మాత్రమే తెరుచుకుని ఉంటే, రాయడానికి వీలుగా రీమౌంట్ చేశాను. సుడోకి 4755 ఇచ్చాను. ముందున్న ఆ 4 సెట్‌యూఐడీది. తర్వాత సుడోయర్స్ ఫైల్‌కి 440. ఒకటి సరిచేస్తే ఇంకో ఎర్రర్. కానీ ప్రతి ఎర్రర్‌లోనూ ఏ ఫైలో, ఏం తప్పో రాసే ఉంది! ఎస్‌ఎస్‌హెచ్ కీలకి 600 ఇచ్చి మళ్లీ స్టార్ట్ చేస్తే అది లేచింది. వెంటనే ఎస్‌సీపీతో పదకొండు స్క్రిప్టులూ లాప్‌టాప్‌లోకి తెచ్చేసుకున్నాను. అప్పుడు టైమ్ రెండు దాటింది.

"ఇంక ఈ మెషిన్ వాడొచ్చా అక్కా?" అంటే వద్దంది. సీహెచ్‌మాడ్‌కి అన్‌డూ లేదు. ఏ ఫైల్‌కి ముందు ఏ అంకె ఉండేదో అది ఎక్కడా రాసిపెట్టుకోదు. మొదటి రోజు స్నాప్‌షాట్‌కి వెళ్లిపోయి, స్క్రిప్టులు మళ్లీ అందులో పెట్టాను.

అసలు తప్పు

403 ఎందుకు వచ్చిందో అప్పుడు చూశాను. పేజీ ఫైల్‌కి 644 ఉంది, అంటే ఎవరైనా చదవొచ్చు. ఎల్‌ఎస్ హైఫన్ ఎల్‌డీతో దారిలో ఒక్కో డైరెక్టరీనీ చూసుకుంటూ వస్తే నా హోమ్ దగ్గర 750 ఉంది. ఉబుంటులో 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలు ఇలాగే వస్తాయి. అపాచీ నడిచేది వేరే యూజర్ పేరుతో. దానికి నా హోమ్ గుమ్మం దాటే ఎక్స్ లేదు. అంతే. దానికోసం హోమ్ తెరవక్కర్లేదు కూడా. ఫోల్డర్‌ని వెబ్ పేజీల కోసమే ఉన్న వార్ కింది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలోకి మార్చి, డైరెక్టరీలకి 755, ఫైళ్లకి 644 ఇచ్చాను. పేజీ వచ్చేసింది.

స్పేస్ చేయి జారి పడింది. అది ఎవరికైనా జరుగుతుంది. నా తప్పు దానికి ముందే ఉంది. ఎవరు, దేన్ని, ఏం చేయలేకపోతున్నారు అని అడగకుండా "అందరికీ అన్నీ" ఇచ్చేద్దామనుకోవడం.

మీరూ పాడు చేయండి

నిజం సర్వర్‌లో ఇది జరిగి ఉంటే? అందుకే వర్చువల్ ల్యాబ్. ఇవి ప్రయత్నించండి:

1. స్నాప్‌షాట్ తీయండి. పని మొదలుపెట్టే ప్రతిసారీ తీయండి. ముఖ్యమైన ఫైళ్ల కాపీ మెషిన్ బయట కూడా ఉంచండి.
2. ఇద్దరు యూజర్లని చేసి, ఒకరి డైరెక్టరీలో ఎక్స్ మాత్రం తీసేసి, రెండోవాళ్లుగా లోపలి ఫైల్ చదవడానికి చూడండి.
3. సుడో మీది సెట్‌యూఐడీ బిట్ తీసేసి, రికవరీ మోడ్ నుంచి తిరిగి పెట్టండి.
4. ఏం జరిగిందో ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి.

నాలుగోదే కష్టం. ఇంటర్నల్ అయ్యాక అమ్మకి మళ్లీ ఫోన్ చేసి షెల్ఫులు, దండెం, వార్డెన్ మేడమ్ అన్నీ చెప్పాను. అంతా విని, "అయితే ఊళ్లో అందరికీ మన ఇంటి తాళాలు ఇచ్చేసి, నువ్వు బయట నిలబడ్డావన్నమాట" అంది.

నా రికార్డ్ బుక్‌లో నాలుగు పేజీలు రాసింది కూడా అదే.