పాఠం 12: మోకాలి కీలు మార్పిడిలో త్రీడీ ముద్రణ

ఈ పాఠం చదివాక మీరు:
• కీలు మార్పిడిలో ఏం చేస్తారో చెప్పగలుగుతారు.
• త్రీడీ ముద్రణ అందులో ఎలా ఉపయోగపడుతుందో వివరించగలుగుతారు.
• ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారిని ఏం అడగాలో తెలుసుకుంటారు.

12.1 కీలు అరిగితే

మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకుని ఆగిపోయే పెద్దవాళ్లను మీరు చూసే ఉంటారు. కీలులో ఎముకల చివర్లను మృదులాస్థి అనే నున్నని పొర కప్పి ఉంటుంది. అది అరిగితే ఎముకలు రాసుకుని నొప్పి పుడుతుంది. మందులు, వ్యాయామం వల్ల నొప్పి తగ్గనప్పుడు కీలు మార్పిడి అవసరం కావచ్చు. అంటే మోకాలిని మొత్తంగా తీసివేయడం కాదు. అరిగిన చివర్లను కొద్దిగా కోసి, లోహపు భాగాలు అమర్చి, వాటి నడుమ పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ పలక ఉంచుతారు.

12.2 పొర మీద పొర

మేస్త్రీ ఇటుకలను వరుస మీద వరుస పేర్చినట్లు, త్రీడీ ముద్రణ యంత్రం పలుచని పొరలు పేర్చి వస్తువును తయారుచేస్తుంది. ఇలాంటి ఒక పద్ధతికి అమెరికాకు చెందిన చార్లెస్ హల్ 1986లో పేటెంటు పొందారు. కీలు మార్పిడిలో ఇది రెండు విధాల ఉపయోగపడుతుంది.

(అ) కోత గైడు: స్కాన్ ఆధారంగా కంప్యూటర్‌లో ఎముక ఆకారం గీస్తారు. ఆ రోగి ఎముకకే సరిపోయే ప్లాస్టిక్ గైడును ముద్రిస్తారు. రంపం ఎక్కడ, ఏ కోణంలో నడవాలో అది చూపుతుంది.

(ఆ) లోహపు భాగం: టైటానియం పొడిని లేజర్‌తో కరిగించి, సన్నని రంధ్రాలున్న భాగాన్ని తయారుచేస్తారు. ఆ రంధ్రాల్లోకి ఎముక పెరిగి పట్టు కుదురుతుంది.

12.3 అందరికీ అవసరమా?

గైడు కావాలంటే అదనపు స్కాన్, ఖర్చు, కొంతకాలం ఎదురుచూపు తప్పవు. అయినా సాధారణ రోగుల్లో మామూలు పరికరాలతో చేసిన ఆపరేషన్ కంటే నొప్పి, నడక మరింత మెరుగవుతాయని పరిశోధనల్లో స్పష్టంగా తేలలేదు. ఎముక వంకర తిరిగినప్పుడు, పాత విరుగుడుకు వేసిన రాడ్ తొడ ఎముకలో ఉన్నప్పుడు గైడు ఎక్కువగా అక్కరకు వస్తుంది.

భారత ప్రభుత్వం 2017 ఆగస్టులో కృత్రిమ మోకాలి కీళ్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. అయితే అది కీలు ధరకే. ఆస్పత్రి ఖర్చులకు వర్తించదు. కాబట్టి అప్పు చేసే ముందు ఇలా అడగండి: "డాక్టరుగారూ, మా అమ్మకు ఈ గైడు ఎందుకు అవసరం? అది లేకుండా చేస్తే నష్టమేమిటి? అదనంగా ఎంత అవుతుంది?" ఇలా అడగడం మీ హక్కు.

పాఠ్యగత ప్రశ్నలు
ఒప్పో తప్పో రాయండి.
1. కీలు మార్పిడిలో మోకాలిని మొత్తం తీసివేస్తారు.
2. ఒకరికి ముద్రించిన గైడు మరొకరికి సరిపోతుంది.
3. లోహపు భాగంలోని రంధ్రాల్లోకి ఎముక పెరుగుతుంది.

జవాబులు: 1. తప్పు 2. తప్పు 3. ఒప్పు