అడిగే వేగం మీ చేతిలోనే ఉంది

వెయ్యి రిక్వెస్టులు ఒక్క ఊపున పంపే కోడు ఇప్పుడు ఎవరైనా రాస్తారు. అవతలి సర్వర్ తట్టుకోగలిగినంతే పంపాలంటే నిబ్బరం కావాలి. క్లౌడ్ మీద పనిచేసే మన పిల్లలు దీన్ని ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లోనే అలవరచుకోవాలని నా గట్టి నమ్మకం.

2021లో వ్యాక్సిన్ స్లాట్ల కోసం కుర్రాళ్లు స్క్రిప్టులు రాసి కోవిన్ పోర్టల్‌ను అడిగేవారు. కోవిన్ పబ్లిక్ ఏపీఐ ఒక ఐపీ అడ్రస్‌కు 5 నిమిషాల్లో 100 కాల్స్ మాత్రమే ఇచ్చింది. సగటున 3 సెకన్లకు ఒకటి. పటమటలో ఒక హాస్టల్ అనుకోండి. వైఫై ఒక్కటే, బయటికి కనిపించే ఐపీ అడ్రస్ కూడా సాధారణంగా ఒక్కటే. ఒకరి స్క్రిప్టు ఆ వందనూ మొదటి నిమిషంలోనే వాడేస్తే, పక్క గదిలో అమ్మానాన్నల కోసం స్లాటు వెతుకుతున్నవాడు నాలుగు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. కృష్ణా డెల్టాలో ఈ అన్యాయం ఎవరికీ కొత్త కాదు. ఎగువన వంతు తప్పి నీళ్లు మళ్లిస్తే బంటుమిల్లి, కృత్తివెన్ను శివారు చేలు ఎండుతాయి.

హద్దు దాటారంటూ సర్వర్ నుంచి 429 కోడు వచ్చిందా? వెంటనే మళ్లీ కొట్టకండి. జవాబులో రిట్రై-ఆఫ్టర్ హెడర్ ఉంటే అది చెప్పినంతసేపూ ఆగండి. లేకపోతే 1, 2, 4, 8 సెకన్లు అంటూ విరామాన్ని రెట్టింపు చేస్తూ పోండి, ఎక్కడో ఒకచోట హద్దు పెట్టండి. విరామంలో కొంత భాగం ర్యాండమ్‌గా ఉండాలి. దీన్నే జిట్టర్ అంటారు, చాలామంది వదిలేసేదీ దీన్నే. 50 వర్కర్లు ఒకేసారి ఆగి, ఒకేలా 4 సెకన్లు ఎదురుచూస్తే, మళ్లీ యాభై కలిసే వచ్చి పడతాయి.

తొందర ఎంత నష్టం తెస్తుందో 1986 అక్టోబరులో ఇంటర్నెట్ చూసింది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, కూతవేటు దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అందని ప్యాకెట్లను కంప్యూటర్లు మళ్లీ మళ్లీ పంపి రద్దీని ఇంకా పెంచాయి. వాన్ జాకబ్‌సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం ప్రకారం, రద్దీ కనిపించగానే పంపేవాడే తగ్గాలి, దారి తెరుచుకున్నకొద్దీ మెల్లగా పెంచాలి. మీరూ ఐదు సమాంతర రిక్వెస్టులతో మొదలుపెట్టండి. 429 కనిపిస్తే ఆ సంఖ్యను సగం చేయండి.

డబ్బు కదిలే చోట మాత్రం మరీ జాగ్రత్త. టైమవుట్ అయిన చెల్లింపు అవతల పూర్తయిపోయి ఉండవచ్చు. ఇది పాత రిక్వెస్టేనని సర్వర్ గుర్తుపట్టేలా చేసే ఐడెంపొటెన్సీ కీ లేకుండా రెండోసారి పంపకండి.

ఇక మేనేజరుతో మాట్లాడటం. "ఎందుకింత ఆలస్యం?" అని ఆయన అడిగేదాకా ఉండకండి, లెక్క ముందే చెప్పండి. 10 వేల రికార్డులు, 5 నిమిషాలకు 100 చొప్పున 500 నిమిషాలు, అంటే 8 గంటల 20 నిమిషాలు. "సార్, రాత్రికి నడిపితే పొద్దున్నకి పూర్తవుతుంది. సాయంత్రానికే కావాలంటే కోటా పెంచమని ఇప్పుడే అడుగుదాం" అనండి. ఈలోగా ఒకసారి తెచ్చుకున్న జవాబులను క్యాష్‌లో దాచుకోండి. ఆ పదివేలలో అసలు అడగనక్కరలేనివి ఎన్నో అప్పుడు తేలుతుంది.