సార్వాకు ముందు మురుగుకాలువల బాగుసేత

వేసవిలో డెల్టా కాలువలు కట్టివేసిన నాటినుండి మరల నీరు వదలునంతవరకు గల ఈ కొలది వారములే గోదావరి సీమ రైతులకు మురుగుకాలువలను బాగుచేసికొనుటకు అనువైన కాలము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు, పొలమునకు నీరు చేర్చుకొనుటయందు మనము చూపిన శ్రద్ధలో సగమైనను, ఆ నీరు పొలము వీడి సముద్రమునకు పోవు మార్గమునందు చూపియుండలేదు. తుపాను దినములలో వెన్ను తీయుచున్న సార్వా చేను శివారు భూములలో మునిగి కుళ్లిపోవుటకు వానతోపాటు పూడిన డ్రెయిను కూడ కారణమగుచున్నది.

పూడికతీత ఎల్లప్పుడును దిగువనుండి ఎగువకు సాగవలెను. ఎగువ గ్రామమువారు తమ హద్దులోని భాగమును మాత్రము బాగుచేసికొని ఊరకున్నచో, వారి పొలములనుండి వడిగా దిగిన నీరు పూడియున్న దిగువ భాగమున నిలిచి, పొరుగువాని చేనిపై ఎక్కును. కావున ఎగువవారు తమ మనుషులను, ట్రాక్టర్లను మొదట శివారు గ్రామమునకే పంపుట న్యాయమని నా నిశ్చితాభిప్రాయము. 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములు ఇట్టి ఒడంబడికకు తగిన వేదికలు. ఎకరమునకింత చందా యని, ఇంటికొక మనిషి యని ముందే నిర్ణయించుకొన్నచో తగవులకు తావుండదు.

పూడికతోపాటు కాలువలో అల్లుకొన్న గుర్రపుడెక్కను కూడ పూత రాకమునుపే తీయవలెను. దాని విత్తనము బురదలో ఏండ్ల తరబడి చావక నిలుచును. తీసిన డెక్కను నీటియంచుననే కుప్పవేసినచో తొలివానకే జారి మరల కాలువలో పడి చిగిర్చును. గట్టు దాటించి, వేళ్లు పైకి వచ్చునట్లు పరచి, వాడిన పిదప పేడతో పొరలు పొరలుగా పేర్చినచో రెండు మూడు నెలలలో పొటాషు గల చక్కని ఎరువగును. గట్టుమీది గరికను మాత్రము చెక్కరాదు. మట్టి జారకుండ పట్టి యుంచునది దాని వేరులే.

అయితే డెక్కను తీయుట ఒక యెత్తు, దానిని మేపకుండుట మరియొక యెత్తు. నిండు నీటిలో చల్లిన యూరియా తూము వెంట డ్రెయినులో కలిసి ఆ కలుపునే పోషించుచున్నది. పైపాటుగా యూరియా వేయునపుడు మడిలోని నీటిని ముందుగా తీసివేసి, బురదపదునున చల్లి, 36 నుండి 48 గంటల పిదప పలుచగా నీరు పెట్టి, గండ్లు లేకుండ గట్టు కట్టవలెను. ఆకాశము మబ్బు పట్టియున్ననాడు చల్లరాదు. యూరియావలెనే పురుగుమందును కాలువలో కలియనీయరాదు; మందు కొట్టిన స్ప్రేయరును బోదెలో కడుగరాదు. ఆ నీటినే దిగువన పశువులు త్రాగును. మందు డబ్బాను మూడుమారులు కడిగి, ఆ కడుగునీటిని స్ప్రేయరులోనే పోసి చేనిపై కొట్టవలెను. ఖాళీ డబ్బాలకు చిల్లులు పొడిచి, ఊరివారందరివి ఒకచోట చేర్చి, కాలువకు దూరముగా భద్రపరచవలెను.