ఒకటి తీస్తే వెనకవి జరుగుతాయి

ముంబయి కామాఠిపురాలో గల్లీలకి నంబర్లే పేర్లు. నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్ళి ఇళ్ళు కట్టిన తెలుగు కామాఠీల వల్ల ఆ పేటకి ఆ పేరు వచ్చింది. అక్కడ ఐదో గల్లీ కూల్చేసినా ఆరోది ఆరోదిగానే ఉంటుంది. అర్రేలో (ముంబయి వాళ్ళ 'అరే' కాదు!) అలా కుదరదు. ఒకటి తీయగానే వెనకవన్నీ ఒక్కో స్థానం ముందుకొస్తాయి.

మన తెలుగు మిల్లు కార్మికులు ఉన్న వర్లీ బీడీడీ చాల్స్‌లో గది 160 చదరపు అడుగులు. వాటిని కూల్చి, అర్హులకి 500 చదరపు అడుగుల ఫ్లాట్లు ఇస్తున్నారు. అలాంటి చోట జాబితాలో ఒక్క గది తప్పుపడితే చిన్న సంగతి కాదు.

పైథాన్‌లో ఈ పనికి లిస్ట్ వాడతాం. అందులో 11, 12, 13, 14 గదులున్నాయి అనుకోండి. ఖాళీ అయిన 12, 13 తీసేయాలి. స్థానాల లెక్క సున్నాతో మొదలు. ఫర్ లూప్ ఒకటో స్థానంలో 12ని చూసి రిమూవ్ చేస్తుంది. వెంటనే 13 ఆ ఒకటో స్థానంలోకి జరుగుతుంది. లూప్ మాత్రం రెండో స్థానానికి, అంటే 14 దగ్గరికి వెళ్ళిపోతుంది. 13ని ఎవరూ చూడలేదు! ఎర్రర్ కూడా రాదు, అదే అసలు ప్రమాదం.

చివరి స్థానం నుంచి వెనక్కి రండి. లేదా ఉంచాల్సిన వాటితో కొత్త లిస్ట్ కట్టుకోండి; నాకైతే ఇదే నయం. పాప్ వాడితే గది నంబరు కాదు, స్థానం చెప్పాలి. పాప్ 12 అంటే అన్ని స్థానాలు లేవని ఎర్రర్ ఇస్తుంది.

12, 13, 14 మూడూ తీయాలని పాత పద్ధతిలోనే లూప్ నడిపితే ఏం మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి.