చదివినది వ్రాయుట – వ్రాసినది పంచుట

ఖుర్‌ఆన్ షరీఫ్‌లో మొట్టమొదట అవతరించినవిగా ప్రసిద్ధి చెందిన వాక్యములు చదువుమనే ఆజ్ఞతో ఆరంభమై, కలము ద్వారా మానవునికి విద్య నేర్పబడిన సంగతిని తెలుపుతున్నవి. చదువును, కలమును ఒకే చోట పేర్కొనుటలోని ఔచిత్యము ఆలోచింపదగినది. చదివినది మనస్సులో ప్రవేశిస్తుంది. కలము దానిని నిలుపుతుంది. నిలిచినదానిని పదిమందికి అందించినప్పుడే అది విద్యగా పరిణమిస్తుంది.

మన విద్యార్థులలో చదివేవారు లేకపోలేదు. అయితే చదివినదానిని గురించి నాలుగు మాటలు వ్రాసి ఉంచుకొనేవారు తక్కువ. వ్రాసినదానిని తోటివారితో పంచుకొనేవారు మరింత తక్కువ. అందుచేత ఎంతో శ్రమపడి చదివిన గ్రంథము కూడ కొన్ని నెలలకే పేరు మాత్రముగా మిగులుతున్నది. ఈ లోపమునకు మందు కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. పూర్వులు దానిని చక్కగా ఎరుగుదురు.

దమస్కు నగరపు పఠన పత్రములు

క్రీస్తు శకము 12వ శతాబ్దము నుండి 14వ శతాబ్దము వరకు దమస్కు నగరములో గ్రంథపఠనము చాలవరకు సామూహికముగా జరిగేది. మసీదులోనో, మద్రసాలోనో, ఒకరి ఇంటిలోనో కొందరు కూడేవారు. ఒకరు గ్రంథమును బిగ్గరగా చదివేవారు. గ్రంథకర్తగాని, ఆయన నుండి పరంపరగా ఆ గ్రంథమును విన్న పెద్దగాని అధ్యక్షత వహించేవారు. పఠనము ముగిసిన తరువాత ఆ ప్రతిపైననే ఒక పత్రము వ్రాసేవారు. దానిని 'సమా' అంటారు. వినుట అని ఆ మాటకు అర్థము.

అధ్యక్షుని పేరు, చదివినవాని పేరు, విన్నవారి పేర్లు, స్థలము, తేదీ అందులో ఉండేవి. పండితులే కాక వృత్తిపనులవారు, స్త్రీలు, బాలురు కూడ ఆ పేర్లలో కనిపిస్తారు. బాలుర వయస్సును సైతము గుర్తించిన పత్రములు ఉన్నవి. 1155 నుండి 1349 వరకు దమస్కులో వ్రాసిన ఇటువంటి పత్రముల సూచిక ఒకటి 1996లో ప్రచురితమైనది. ఎనిమిది వందల సంవత్సరముల క్రిందట ఒక సామాన్యుడు ఏ దినమున ఏ గ్రంథము విన్నాడో నేడు మనము చెప్పగలుగుతున్నామంటే అది ఆ పత్రముల చలువయే.

వీటిలో మనము ముఖ్యముగా గమనించవలసిన గుణము నిజాయితీ. ఒకడు ఒక సభకు రాకపోతే అతనికి ఏ భాగము తప్పిపోయినదో ఆ సంగతిని వ్రాసేవారు. సభలో ఎవరు కునుకుతీసినది, ఎవరు మాటలాడుకొన్నది తెలిపిన పత్రములు కూడ ఉన్నవి. ఇంత కచ్చితము ఎందుకు? పత్రములో పేరున్నవాడు రేపు ఆ గ్రంథమును మరొకరికి వినిపించుటకు అధికారము పొందుతాడు. కాబట్టి అతడు వినని భాగమును విన్నట్లు వ్రాయుట అబద్ధపు సాక్ష్యముతో సమానము. పఠన లేఖనము గొప్ప చెప్పుకొనుటకు కాదు, సాక్ష్యము చెప్పుటకు అనే సూత్రము ఇక్కడ మనకు లభిస్తున్నది.

దీనికి ముందే, 987 ప్రాంతమున బాగ్దాదు నగరములో ఇబ్న్ అల్ నదీమ్ అనే గ్రంథ విక్రేత తన కాలమున అరబ్బీలో లభించే గ్రంథముల వివరములతో 'అల్ ఫిహ్రిస్త్' రచించినాడు. అందులో పేర్కొన్న గ్రంథములు అనేకము నేడు నశించినవి. వాటి ఉనికికి ఆయన వ్రాసిన మాటయే ఆధారము. గ్రంథము పోయినా పాఠకుడు వ్రాసిన మాట మిగిలినదన్నమాట.

ఎరవాడ కారాగారములో ఒక పాఠకుడు

మన దేశములోనికి వస్తే, ఈ విషయములో గాంధీజీ ఉదాహరణము విద్యార్థులు తెలిసికొనదగినది. 1922 మార్చిలో ఆరు సంవత్సరముల శిక్ష పొంది ఎరవాడ కారాగారమునకు వెళ్లిన ఆయన 1924 ఫిబ్రవరిలో విడుదలైనారు. ఆ కాలమున ఆయన దినచర్య పుస్తకములో తాను చదివిన గ్రంథముల పేర్లు వ్రాసుకొన్నారు. మహాభారతము, గిబ్బన్ రచించిన రోము సామ్రాజ్య క్షీణ చరిత్ర, మౌలానా షిబ్లీ నోమానీ రచించిన మహాప్రవక్త జీవిత చరిత్ర ఆ కాలమున ఆయన చదివినవే. అక్కడ ఆయన ఉర్దూ అభ్యాసమును కూడ సాగించినారు.

విడుదలైన తరువాత 1924లో తమ కారాగార అనుభవములను 'యంగ్ ఇండియా' పత్రికలో వ్రాస్తూ తాను ఏమేమి చదివినది, ఏ గ్రంథము తనపై ఎట్లు పనిచేసినది ప్రజలకు నివేదించినారు. హిందూ ముస్లిముల మధ్య అనుమానములు పెరుగుతున్న దినములవి. అటువంటి వేళ ఒకరి పవిత్ర చరిత్రను మరొకరు శ్రద్ధతో చదివి, చదివినానని నలుగురి ఎదుట చెప్పుట సామాన్యమైన పని కాదు. ఒంటరి గదిలో వ్రాసుకొన్న పట్టిక, పంచుకొన్నప్పుడు, రెండు సమాజముల నడుమ ఒక మాటగా మారినది.

గ్రంథాలయోద్యమము నేర్పినది

తెలుగునాట గ్రంథాలయోద్యమమునకు కూడ ఈ పంచుకొనే గుణమే ప్రాణము. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. 1935లో గుంటూరు మండలములో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువపై పుస్తకముల పడవ నడిచినది. పాఠకుడు గ్రంథము వద్దకు రాలేకపోతే గ్రంథమే పాఠకుని వద్దకు వెళ్లవలెనని వారి సంకల్పము.

1931లో మద్రాసు నుండి వెలువడిన డాక్టర్ ఎస్. ఆర్. రంగనాథన్ గారి పంచసూత్రములలో రెండు, పాఠకునికి తగిన గ్రంథమును, గ్రంథమునకు తగిన పాఠకుని కలుపుటను గురించినవి. అయితే ఈ కలయికను గ్రంథపాలకుడు ఒక్కడే సాధించలేడు. బీరువాలోని గ్రంథము తనను తాను పరిచయము చేసికొనలేదు. దానిని చదివిన మరొక పాఠకుడే ఆ పరిచయము చేయవలెను.

నేటి రూపము

నేడు ఈ పని అంతర్జాలములో జరుగుతున్నది. 2005లో లైబ్రరీథింగ్, 2007లో గుడ్‌రీడ్స్ ప్రారంభమైనవి. చదివినవి, చదువుతున్నవి, చదువదలచినవి అని పట్టికలు వ్రాసుకొనుటకు, వాటిని మిత్రులకు చూపుటకు ఇవి అవకాశమిస్తున్నవి. ఒక మారుమూల గ్రామములోని పాఠకుడు మరొక దేశములోని పాఠకునితో ఒకే గ్రంథమును గురించి ముచ్చటించుట గొప్ప సౌకర్యము. దానిని తక్కువ చేయరాదు.

అయితే రెండు విషయములు మరువరాదు. 2013లో గుడ్‌రీడ్స్‌ను పుస్తక వ్యాపారముతో పేరు గడించిన అమెజాన్ సంస్థ కొనుగోలు చేసినది. మనము ఏమి చదువుతున్నామో, ఏమి చదువదలచినామో తెలిపే పట్టిక ఇట్లు ఒక వర్తకుని చేతిలో ఉన్నదని తెలిసియే వ్రాయవలెను. రెండవది సంఖ్యా వ్యామోహము. ఏడాదికి ఇన్ని గ్రంథములని లక్ష్యము పెట్టుకొన్నవాడు లావుపాటి గ్రంథమును తప్పించి పలుచని గ్రంథమును వెదకుకొంటాడు. ఐదు నక్షత్రముల గుర్తుతో తీర్పు చెప్పుట సులభమే. కాని ఆ తీర్పుకు కారణము చెప్పవలసి వచ్చినప్పుడే ఆలోచన మొదలవుతుంది.

ఏమి వ్రాయవలెను?

ప్రతి విద్యార్థి ఒక నోటు పుస్తకమును ఇందుకై ప్రత్యేకించవలెను. గ్రంథము పేరు, గ్రంథకర్త, ముద్రణ సంవత్సరము, చదువుట ఆరంభించిన తేదీ, ముగించిన తేదీ మొదట వ్రాయవలెను. ముద్రణ సంవత్సరము అనవసరమని తోచవచ్చును. కాని గురజాడ వారి 'కన్యాశుల్కము' 1897 నాటి ప్రతికి, 1909 నాటి ప్రతికి ఎంతో భేదమున్నది. ఏది చదివినదీ తెలియకపోతే చర్చయే సాగదు.

తరువాత గ్రంథ సారాంశము రెండు మూడు వాక్యములలోను, మనకు కలిగిన ఒక ప్రశ్నను స్పష్టముగాను వ్రాయవలెను. చదువకుండా విడిచిన భాగములుంటే, దమస్కు పద్ధతిలో, వాటిని కూడ ఒప్పుకొనవలెను. "కన్యాశుల్కము చాల బాగున్నది" అని వ్రాస్తే అది ఎవరికీ ఉపకరించదు. "గిరీశము మోసగాడని తెలిసికూడ అతని మాటలకు మనము ఎందుకు నవ్వుతున్నాము?" అని వ్రాస్తే అది ఇతరులను గ్రంథము వద్దకు నడిపిస్తుంది.

ఆ ప్రశ్నను ఉర్దూ శాఖ విద్యార్థి ఒకరు చదివినారనుకొందాము. ఆమెకు 1869లో వెలువడిన డిప్టీ నజీర్ అహమద్ గారి 'మిరాతుల్ ఉరూస్' జ్ఞాపకమునకు రావచ్చును. అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెండ్ర కథ అది. నజీర్ అహమద్ గారు తరువాత హైదరాబాదు రాజ్య సేవలో పనిచేసినవారే. స్త్రీ జీవితమును బాగుచేయదలచిన ఇద్దరు రచయితలలో ఒకరు నవ్వించే దారిని, మరొకరు హితవు చెప్పే దారిని ఎందుకు ఎన్నుకొన్నారని ఆమె ఆ ప్రశ్న క్రింద వ్రాస్తే, ఏ పాఠ్యగ్రంథములోను లేని పాఠము ఒకటి అక్కడ పుడుతుంది.

ఇట్టి కృషి ఎంత ఫలవంతమో తెలియుటకు డాక్టర్ సామల సదాశివ గారిని (1928–2012) స్మరించిన చాలును. ఆదిలాబాదు ప్రాంతమున ఉపాధ్యాయులుగా, అధ్యాపకులుగా జీవితము గడిపిన ఆయన తాము చదివిన ఉర్దూ, ఫారసీ సాహిత్యమును తెలుగు పాఠకులకు ఆత్మీయముగా పరిచయము చేసినారు. అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెనిగించినారు. వారి 'స్వరలయలు' గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఒక్కరి పఠనము రెండు భాషల ఉమ్మడి సొత్తు అయినది.

మన కళాశాలలో చేయదగినది

మన కళాశాలలో ఉర్దూ చదివేవారికి తెలుగువారు చదివేదేమో తెలియదు; తెలుగు చదివేవారికి ఉర్దూవారి సంగతి తెలియదు. ఒకే గ్రంథాలయములో ఒకే బల్ల వద్ద కూర్చుండి ఇరుగు పొరుగు ఊళ్లవారివలె ఉంటున్నారు. కళాశాల సంఘమువారికి ఒక మనవి. గ్రంథాలయములో ఒక పెద్ద పఠన పుస్తకమును ఉంచవలెను. మన వార్షిక సంచికవలెనే అందులో ఉర్దూ వ్రాత కుడివైపు నుండి, తెలుగు వ్రాత ఎడమవైపు నుండి సాగవచ్చును. నెలకొకమారు ఇరు శాఖలవారు కూడి, ఎదుటి భాషలోని ఒక్కొక్క అంశమును ఎవరైనా చదివి వినిపించి అర్థము చెప్పవలెను. దీనికి ఒక పుస్తకము, ఒక గంట కాలము తప్ప వ్యయము లేదు. కొత్త గ్రంథములు కొనేటప్పుడు కూడ ఈ పుస్తకము సంఘమువారికి మంచి సలహాదారు కాగలదు.

ఇందులో బలవంతము పనికిరాదు. కొన్ని గ్రంథములను మనిషి తనకోసమే చదువుకొంటాడు. వాటిని వ్రాయకుండుటకు అతనికి హక్కున్నది. మార్కులు కూడ కూడవు. మార్కులు వచ్చిన చోట చదువని గ్రంథములు చదివినట్లు నమోదు కావటము ఎంతో సేపు పట్టదు.

విద్యార్థులారా! సంవత్సరాంతమున ఎన్ని గ్రంథములు చదివినారని ఎవరైనా అడిగితే సంఖ్య చెప్పుటకు తొందరపడవద్దు. మీ మాట విని ఎవరు ఏ గ్రంథము తెరచినారో చెప్పగలిగితే మీ చదువు సార్థకమైనట్లే.