ముండ్ల చేపలు – చెరువు గట్ల సంరక్షణము

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని దిగువ కాలువల క్రింద సేద్యము చేయు రైతులకు జెల్ల, ఇంగిలాయి క్రొత్తవి కావు. జెల్లకు వీపున నొకటి, ప్రక్కరెక్కలకు రెండు ముండ్లుండును. ఇంగిలాయికి వీపుముల్లు లేదు గాని ప్రక్కముండ్లయందు విషము మెండు. ముల్లు గ్రుచ్చుకొన్నచో గాయమును కడిగి, ఓర్వగలిగినంత వేడినీటిలో అరగంటకు తక్కువ కాకుండ ఉంచవలెను. వేడిని ముందుగా రెండవచేతితో చూచుకొనుట మంచిది. ముల్లు లోపల విరిగినచో వైద్యుని ఆశ్రయింపవలెను.

ఈ చేపలు మనవి. వీనివలన గట్టునకు భయములేదు. భయమంతయు పరదేశపు చేపవలననే. దక్షిణ అమెరికాలోని అమెజాను నదిలో, ప్రక్కల వెంబడి కొక్కెములవంటి ముండ్ల పలకలు గల జెల్లజాతి యొకటి కలదు. దానికి దాయాదియగు సక్కరు చేపను గాజుతొట్లలోని పాచిని గీకుటకై వేడుకకు తెచ్చి పెంచిరి. అది తొట్లనుండి చెరువులకును కాలువలకును చేరినది. దీనినే రాకాసి చేప యందురు. ఒడలంతయు ఎముక పలకలు, మచ్చలు, తెరచాపవంటి వీపురెక్క, తలక్రింద అంటుకొను నోరు – ఇవి దీని గుర్తులు.

ఇది బొచ్చెలను, శీలావతులను వేటాడి మ్రింగునను మాట సరికాదు. ఇది తినునది పాచి, అడుగు మడ్డి. అసలు నష్టము వేఱు. మగచేప నీటిమట్టమునకు దిగువను గట్టులో సొరంగము త్రవ్వును. ఆడుచేప అందు గ్రుడ్లు పెట్టును. ఇట్టి బొరియలు పెక్కైనచో గట్టు గుల్లయై ఊటపట్టి, తుదకు జారిపోవును. వలలు చినుగుట సరేసరి.

చెరువు ఎండగట్టినంతమాత్రమున ఇది చావదు. గాలిని మ్రింగి కడుపుతో శ్వాసించుచు తడిబొరియలో దాగియుండును. కావున వేసవిలో కాలువలు కట్టినపుడు చెరువు నీరు తీసి, గట్టు లోపలివైపంతయు నడచి చూడవలెను. కనబడిన ప్రతి బొరియను త్రవ్వి, చేపను తీసి, బంకమట్టి కూరి దిమ్మిసతో గట్టిగా కొట్టవలెను. కాలువనీరు మరల పెట్టుటకు ముందే తూమునకు సన్నకన్నుల వల రెండు వరుసలు కట్టవలెను. వలలో చిక్కినదానిని లాగిన ముల్లు బిగియును. దారము కోయుటయే మేలు. పట్టినవానిని కాలువగట్టున పారవేయక, లోతుగా గోయి తీసి పూడ్చవలెను.