మడత తప్పిన ప్రొటీన్

బ్రిటన్ గొర్రెలకు 'స్క్రేపీ' అనే పాత జబ్బు ఒకటుంది. జబ్బుపడ్డ గొర్రె కంచెకు ఒళ్లు రాసుకుని రాసుకుని ఉన్ని పోగొట్టుకుంటుంది, తడబడుతుంది, చివరికి చనిపోతుంది.

రోగకారకానికి జన్యుపదార్థం ఉంటుందని మనం చదువుకున్నాం. అయితే 1960లలో టిక్వా ఆల్పర్ అనే శాస్త్రవేత్త పరీక్షిస్తే, జన్యుపదార్థాన్ని పాడుచేసే అతినీలలోహిత కిరణాలకు ఈ జబ్బు కారకం లొంగలేదు! 1982లో స్టాన్లీ ప్రూసినర్ అది ఒట్టి ప్రొటీన్ అని చెప్పి, 'ప్రియాన్' అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆ ప్రొటీన్ మన మెదడులోనూ ఉంది, సరైన మడతలో. మడత తప్పినది పక్కదాన్నీ తనలాగే మార్చేస్తుంది. అలా మారుతూ మారుతూ మెదడు స్పాంజిలా చిల్లులు పడుతుంది. "ఉడికిస్తే చావదా?" అని మా తరగతిలో ఒకరు అడిగారు. చావడానికి అది ప్రాణి అయితే కదా! మామూలు వంట వేడికి అది చెక్కుచెదరదు.

1986లో బ్రిటన్ ఆవుల్లో ఇలాంటి జబ్బే బయటపడింది. పాల దిగుబడి కోసం దాణాలో పశువుల మాంసం, ఎముకల పొడి కలిపేవారు. గడ్డి తినే జీవికి పెట్టాల్సిన మేతేనా అది? 1988లో దాన్ని నిషేధించారు. గొడ్డుమాంసంతో భయం లేదని మాత్రం ప్రభుత్వం చెబుతూనే వచ్చింది. 1996 మార్చిలో, మనుషులకూ సోకి ఉండవచ్చని ఒప్పుకుంది. అప్పటికి జబ్బుపడ్డవారిలో ఎక్కువమంది చిన్న వయసువాళ్లే.